పిల్లులూ కుక్కలూ కురవని దేశంలో మన ఇంగ్లీషు

మన తరం వాళ్ళం ఇంగ్లీషు జాతీయాలు నేర్చుకున్నది విని కాదు, మార్కుల కోసం. 'ఇట్ ఈజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటే కుంభవృష్టి. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే ఏడాదికో పుష్కరానికో ఒకసారి. 'ఎట్ సిక్సెస్ అండ్ సెవెన్స్' అంటే చిందరవందర. రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకం అట్ట ఊడిపోయేదాకా తిరగేసినవాళ్ళు ఈ పత్రిక చదివేవాళ్ళలో కనీసం సగం మంది ఉంటారు. ఒక్కో జాతీయానికీ సొంతవాక్యం రాస్తే మార్కులు. అందరం ఒకే సొంతవాక్యం రాసేవాళ్ళం, అది వేరే విషయం.

నేను అమెరికా వచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది. కన్సల్టెంటు ఉద్యోగం కాబట్టి చాలా ఊళ్ళు తిరిగాను, చాలామంది క్లయింట్ల దగ్గర పనిచేశాను. మా డాలస్‌లో వసంతకాలం వస్తే కార్ల అద్దాలు పగిలేంత వడగళ్ళ వాన పడుతుంది. అంత వానలో కూడా ఆఫీసులో ఎవరూ పిల్లుల్నీ కుక్కల్నీ కురిపించగా నేను వినలేదు. 'పోరింగ్' అంటారు, అంతే. మీటింగుల్లో నా చెవిన పడ్డవి వేరే: బాల్‌పార్క్, టచ్ బేస్, కర్వ్ బాల్, రెయిన్ చెక్. వీటిలో ఒక్కటీ మన పుస్తకంలో ఉన్నట్టు నాకు గుర్తు లేదు. ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. మన పుస్తకం ఇంగ్లండు దొరల భాష. ఇక్కడి ఆఫీసు భాషలో సగం బేస్‌బాల్ మైదానంలో పుట్టింది.

అందుకే కొత్తగా వచ్చిన పిల్లలకి నేనెప్పుడూ ఒకటే చెబుతాను. జాతీయాల జాబితా బట్టీ కొట్టకండి, ఒక సాయంత్రం వెళ్ళి బేస్‌బాల్ ఆట చూడండి. క్రికెట్ తెలిసినవాడికి అరగంటలో అర్థమవుతుంది. వజ్రం ఆకారంలో నాలుగు మూలలు, మూలకీ మూలకీ మధ్య 90 అడుగులు. మన బౌలర్‌ని వీళ్ళు పిచర్ అంటారు. అతను బంతిని నేలకి తగలకుండా విసురుతాడు. బ్యాటర్ కొట్టి, బ్యాటు అక్కడే పడేసి మొదటి మూలకి పరుగెత్తుతాడు. ఆ మూలే బేస్. నాలుగూ చుట్టి బయల్దేరిన చోటికి వస్తే ఒక పరుగు. ప్రతి బేస్‌నీ కాలితోనో చేత్తోనో తాకాలి. ఆ తాకడమే 'టచ్ బేస్'. అక్కడ కాపురం పెట్టరు, తాకి పోతారు. 'లెట్స్ టచ్ బేస్ ఆన్ మండే' అని మేనేజరు అంటే సోమవారం ఓ అయిదు నిమిషాలు మాట్లాడుకుందాం అని. దానికి నలభై స్లయిడ్ల ప్రెజెంటేషన్ తయారు చేయనక్కర్లేదు.

బాల్‌పార్క్ అంటే ఆ ఆట ఆడే మైదానం. 'బాల్‌పార్క్ ఫిగర్' అంటే ఉజ్జాయింపు లెక్క. బంతి ఎక్కడ పడిందో కచ్చితంగా చెప్పక్కర్లేదు, మైదానంలోనే పడిందంటే చాలు. నాతో పనిచేసిన ఒక కుర్రాడు, హైదరాబాద్ నుంచి వచ్చి అప్పటికి నెల కాలేదు. శుక్రవారం సాయంత్రం మేనేజరు అతని బల్ల దగ్గర ఆగి, ఈ పనికి ఎంతకాలం పడుతుందో ఒక బాల్‌పార్క్ చెప్పమన్నాడు. ఆ మాటేదో కంపెనీలో వాడే ఫారం పేరు కాబోలనుకుని, శని ఆదివారాలు కూర్చుని గంటల లెక్కన అయిదు షీట్ల ఎక్సెల్ తయారు చేశాడు పాపం. మేనేజరు ఆశించిన జవాబు, 'మూడు నాలుగు నెలలు'. ఆ మాట శుక్రవారమే అక్కడే నిలబడి చెప్పి ఉంటే సరిపోయేది. సోమవారం ఆ షీట్లు చూసి మేనేజరు మెచ్చుకున్నాడనుకునేరు! ఇంత చిన్నదానికి రెండు రోజులు తీసుకున్నాడేమిటని ఆలోచనలో పడ్డాడు. తెలివీ కష్టమూ ఉన్న కుర్రాడికి ఒక్క మాట తెలియక మొదటి అభిప్రాయం పోయింది. అది మళ్ళీ సంపాదించుకోవడానికి అతనికి ఏడాది పట్టింది.

ఇక్కడ నా వృత్తి అనుభవం ఒకటి చెప్పాలి. బాల్‌పార్క్ చెప్పేటప్పుడు ఒక్క అంకె చెప్పకండి, రెండు కొసలూ చెప్పండి. 'మూడు నుంచి అయిదు నెలలు' అనండి. ఆ సాయంత్రమే, ఇది ఉజ్జాయింపు మాత్రమేనని ఈమెయిల్లో రాసి పంపండి. నోటితో చెప్పిన బాల్‌పార్క్ రెండు వారాల్లో గడువు తేదీగా మారిపోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

'స్టెప్ అప్ టు ద ప్లేట్' విని భోజనానికి పిలుస్తున్నారనుకునే ప్రమాదం ఉంది. ఆ ప్లేటు పళ్ళెం కాదు. బ్యాటర్ నిలబడేచోట నేలలో పరిచిన తెల్లటి అయిదు పలకల రబ్బరు బిళ్ళ. అక్కడికి రావడమంటే బాధ్యత భుజాన వేసుకోవడం. 'బ్యాటింగ్ ఎ థౌజండ్' అంటే వెయ్యి పరుగులు కాదు. కొట్టిన ప్రతిసారీ తగిలితే సగటు ఒకటి. దాన్ని మూడు దశాంశ స్థానాలతో 1.000 అని రాసి, థౌజండ్ అని చదువుతారు. అంటే ఒక్కటీ తప్పలేదని. పదింట మూడు తగిలితేనే ఈ ఆటలో గొప్ప బ్యాటర్ కాబట్టి, ఆఫీసులో ఈ మాట ఎక్కువగా వెటకారానికే వాడతారు. పొద్దున్న కాఫీ ఒలికి, మధ్యాహ్నం సర్వరు పడిపోతే 'బ్యాటింగ్ ఎ థౌజండ్ టుడే' అని నిట్టూరుస్తారు. మెచ్చుకున్నారనుకుని థాంక్స్ చెప్పకండి. 'కర్వ్ బాల్' మాత్రం మనకి పాఠం అక్కర్లేని మాట. అది మన గూగ్లీ. ఇంటర్వ్యూలో ఎటు నుంచి వచ్చిందో తెలియని ప్రశ్న పడితే మనం గూగ్లీ వేశాడంటాం, వీళ్ళు కర్వ్ బాల్ విసిరాడంటారు.

రెయిన్ చెక్ నాకు బాగా నచ్చిన మాట. 1880ల్లోనే బేస్‌బాల్ వాళ్ళు, ఆట వానకి ఆగిపోతే మరో రోజు వచ్చి చూసేందుకు చీటీ ఇచ్చేవారు. తర్వాత తర్వాత దుకాణాలవాళ్ళు కూడా, చవక ధరకి పెట్టిన సరుకు అయిపోతే తర్వాత అదే ధరకి ఇస్తామని చీటీ రాసిచ్చేవారు. ఇప్పుడు లంచ్‌కి పిలిస్తే 'కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్' అనడం మర్యాద. ఇవాళ కుదరదు, ఇంకోసారి తప్పకుండా వస్తాను అని. మనవాళ్ళు ఇలాంటప్పుడు 'చూద్దాం' అంటారు. ఆ 'చూద్దాం'లో కాదనే అర్థం ఎంత ఉందో తెలుగువాడికి తెలుస్తుంది గానీ అమెరికావాడికి తెలియదు. అతను నిజంగానే కుర్చీ ఒకటి అట్టేపెడతాడు.

ఈ ఆట మాట చట్టంలోకి కూడా ఎక్కింది. మూడుసార్లు తప్పితే బ్యాటర్ అవుట్, 'త్రీ స్ట్రైక్స్ అండ్ యు ఆర్ అవుట్'. ఆ పేరుతోనే 1993లో వాషింగ్టన్ రాష్ట్రం, 1994లో కాలిఫోర్నియా చట్టాలు చేశాయి. కాలిఫోర్నియాలో అంతకుముందే నేరాలున్న ఒకతను ఒక్కొక్కటి 399 డాలర్ల ఖరీదు చేసే మూడు గోల్ఫ్ కర్రలు దొంగిలించాడు. 25 ఏళ్ళ నుంచి జీవితకాలం దాకా శిక్ష పడింది. అది చెల్లుతుందని 2003లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో చెప్పింది. మూడో నేరం తీవ్రమైనదో హింసాత్మకమైనదో అయితేనే అంత శిక్ష అని 2012లో ఓటర్లు చట్టాన్ని చాలావరకు సవరించారు. ఆట మాటే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

ఫుట్‌బాల్ మాటలు తక్కువే. ఒకటి మా డాలస్‌ది కాబట్టి వదలలేను. 1975 డిసెంబర్ 28న మిన్నెసోటా మీద ఆటలో, ఆఖరి క్షణాల్లో డాలస్ కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబాక్ బంతిని దూరంగా విసిరాడు, అది అందింది, 17–14తో గెలిచారు. కళ్ళు మూసుకుని మేరీమాతని తలుచుకుని విసిరానన్నాడు. అప్పటి నుంచి దిక్కుతోచక చేసే ఆఖరి ప్రయత్నానికి 'హెయిల్ మేరీ' అనే పేరు దేశమంతా పాకింది. మన వాళ్ళకి దీన్ని వివరించనక్కర్లేదు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడమే.

అన్నట్టు, బేస్‌బాల్ తప్ప మరో దిక్కు లేదని దిగులు పడకండి. డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో ఒక బేస్‌బాల్ మైదానాన్ని క్రికెట్ మైదానంగా మార్చారు. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ అక్కడే మొదలైంది. 2024 జూన్ 6న టీ20 ప్రపంచకప్‌లో అమెరికా జట్టు పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించిందీ అక్కడే. ఆ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రావల్కర్ మనలాగే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఇంకో పాతికేళ్ళకి ఇక్కడి మీటింగుల్లో గూగ్లీ వినపడినా ఆశ్చర్యం లేదు.

మన పుస్తకంలోని మాటే ఇక్కడ తిరగబడితే ఇంకా చిక్కు. ఇండియాలో బిల్లును 'టేబుల్' చేశారంటే సభ ముందు పెట్టారని. అమెరికాలో 'లెట్స్ టేబుల్ ఇట్' అంటే ప్రస్తుతానికి పక్కన పెట్టేద్దామని. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు ఘాటుగా వాదించుకున్నారని, ఇద్దరూ కోరుతున్నది ఒకటేనని తర్వాత తేలిందని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. ఇంగ్లీషు అమ్మభాషగా ఉన్నవాళ్ళకే అలా అయితే మనమెంత! ఇండియా టీముతో కాల్‌లో ఉన్నప్పుడు నేను ఆ మాటే వాడను. ఇవాళ మాట్లాడదామా, వచ్చేవారమా అని విడమరిచి అడుగుతాను.

వాడకం గురించి నాకు తెలిసింది కొంచెమే. జాతీయంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. నాటకం వేయబోయే పిల్లతో 'బ్రేక్ ఎ లెగ్' అంటే దీవెన. 'బ్రేక్ యువర్ లెగ్' అంటే బెదిరింపు. ఎవరితో అంటున్నామో చూసుకోవాలి. 'కిక్ ద బకెట్'ని మనవాళ్ళు బాల్చీ తన్నేశాడని తెలుగులోకి తెచ్చుకున్నారు. అది సినిమాలోనూ స్నేహితుల మధ్యా నవ్వులాటకి సరే. సంతాపం తెలిపే ఈమెయిల్లో రాస్తే ఆ ఇంటివాళ్ళ ముఖం చూడలేం. ఇంకొకటి. ఒక జాతీయాన్ని కనీసం ముగ్గురి నోట వినేదాకా నోరు విప్పి వాడకండి. వినడంలో తొందరపడండి, వాడటంలో వద్దు. మామూలు ఇంగ్లీషు మాట్లాడేవాణ్ణి ఎవరూ చిన్నచూపు చూడరు. ఒకే వాక్యంలో మూడు జాతీయాలు దొర్లించేవాణ్ణి చూసి మాత్రం నవ్వుకుంటారు.

ఇక మన ఇళ్ళ సంగతి. 'బ్రేక్ ఎ లెగ్' వినగానే అమ్మమ్మలు అదిరిపడతారు. శుభమా అని పిల్ల స్టేజీ ఎక్కుతుంటే కాలు విరగ్గొట్టుకోమంటారేమిటీ అని. నాటకాలవాళ్ళలో నేరుగా శుభాకాంక్షలు చెబితే చెడు జరుగుతుందనే నమ్మకం ఉంది, అందుకని తిప్పి చెబుతారు. అమ్మమ్మకి ఇలా చెప్పి చూడండి, ఇట్టే అర్థం చేసుకుంటుంది. ఎందుకంటే ఆ విద్యలో ఆవిడ మనందరికీ గురువు. ఆవిడ దీపం ఆరిపోయిందనదు, కొండెక్కిందంటుంది. వెళ్తున్నాననదు, వెళ్ళొస్తానంటుంది. ఇంట్లో బియ్యం అయిపోయాయనదు, నిండుకున్నాయంటుంది.

ఈ నిండుకోవడంతో మా ఇంట్లో ఒక పూట వంట ఆగింది. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు, మా పెద్దవాడు చేతిలో ఫోను పట్టుకుని వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడు. ఆమె ఇండియన్ స్టోర్‌లో ఉంది. 'బియ్యం నిండుకున్నాయని చెప్పరా' అంది మా అమ్మ. వీడు బుద్ధిగా, 'మామ్, రైస్ ఈజ్ ఫుల్' అన్నాడు. ఆమె పప్పులూ కూరలూ తెచ్చింది. వాడి తప్పేముంది? నిండు అనే మాట వాడికి తెలుసు, తెలిసిన అర్థమే చెప్పాడు. బాల్‌పార్క్ దగ్గర మన కుర్రాడు పడ్డ ఇబ్బందే తెలుగు దగ్గర మన పిల్లలది. మాటలు తెలుసు, మాటల వెనక ఇల్లు తెలియదు.

చెయ్యి సంగతి చూడండి. 'గివ్ మి ఎ హ్యాండ్' అంటే కాస్త సాయం పట్టమని. 'గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్' అంటే గట్టిగా చప్పట్లు కొట్టమని. తెలుగులో 'చెయ్యిచ్చాడు' అంటే అవసరానికి లేకుండా పోయాడని! 'పుల్లింగ్ యువర్ లెగ్' అంటే సరదాకి ఆటపట్టించడం. మనం ఒకడి కాళ్ళు పట్టి లాగుతున్నారంటే వాణ్ణి పైకి రానివ్వడం లేదని. కాళ్ళు లాగుతున్నాయి అంటే మాత్రం ఎవరూ లాగడం లేదు, నొప్పులు.

ఆ చివరి మాట నవ్వుకోవడానికి బాగుంటుంది, డాక్టరు దగ్గర తప్ప. మాకు తెలిసినవాళ్ళ ఇంట్లో వాళ్ళ అత్తగారికి ఒంట్లో బాగాలేక అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్ళారు. కోడలు కారు పార్క్ చేసి వచ్చేలోపల పదేళ్ళ మనవడే దుబాసీ. 'కళ్ళు తిరుగుతున్నాయమ్మా' అందావిడ. 'హర్ ఐస్ ఆర్ స్పిన్నింగ్' అన్నాడు వాడు. డాక్టరు లైటు వేసి కళ్ళు పరీక్షించడం మొదలుపెట్టాడు. కోడలు వచ్చి 'డిజ్జీ' అన్నాక బీపీ చూశారు. బాగా పడిపోయి ఉంది. కొత్తగా రాసిన బీపీ మాత్ర మోతాదు ఎక్కువైందట. మోతాదు తగ్గించాక కుదుటపడింది. కోడలు రావడం ఇంకో అరగంట ఆలస్యమై, పరీక్ష అంతా కళ్ళ చుట్టూనే తిరిగి ఉంటే ఏమయ్యేదో.

అందుకని అమ్మానాన్నలు వచ్చినప్పుడు, ఇమిగ్రేషన్ కాగితాలతోపాటు ఈ మాటలు కూడా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. కళ్ళు తిరగడం 'డిజ్జీ'. కడుపులో తిప్పడం 'నాజియా'. తిమ్మిరెక్కడం 'నంబ్‌నెస్'. గుండె దడ 'పాల్పిటేషన్స్'. నోరు పూసిందంటే 'మౌత్ అల్సర్స్', పువ్వులేం పూయలేదు. 'వేడి చేసింది' అనేదానికి మాత్రం నాకు తెలిసి ఇంగ్లీషు లేదు. 'హి ఈజ్ హాట్' అంటే జ్వరమనుకుంటారు. వేడి చేసిందంటే ఆవిడకి ఏం జరిగిందో, మూత్రంలో మంటా, నోట్లో పుళ్ళా, ముక్కు నుంచి రక్తమా, అది అడిగి అది చెప్పాలి.

డాక్టర్లూ తక్కువ తినలేదు. 'హి ఈజ్ నాట్ అవుట్ ఆఫ్ ద వుడ్స్ యెట్' అంటే అడవి సంగతి కాదు, ప్రమాదం ఇంకా గట్టెక్కలేదని. 'టచ్ అండ్ గో' అంటే ఎటైనా జరగొచ్చని. 'క్లీన్ బిల్ ఆఫ్ హెల్త్' అంటే డబ్బు కట్టే బిల్లు కాదు. పూర్వం రేవులో అంటురోగాలేమీ లేవని ఓడకి ఇచ్చే పత్రం. ఒంట్లో ఏ లోపమూ లేదని అర్థం. విజిటర్ ఇన్సూరెన్స్ మీద వచ్చిన పెద్దవాళ్ళు బిల్లు అనే మాట వినగానే కంగారుపడతారు, ముందే చెప్పి ఉంచండి.

ఇంకో మాట చాలామందికి తెలియదు. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆస్పత్రులు ఇంగ్లీషు రానివారికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. 1964 పౌరహక్కుల చట్టం నుంచీ ఈ బాధ్యత ఉంది. 2010 ఆరోగ్య చట్టం కింద వచ్చిన నియమాల ప్రకారం, ప్రాణాపాయం ఉండి వేరే దారి లేనప్పుడు తప్ప పిల్లల చేత దుబాసీ పని చేయించకూడదు. దుబాసీ మనిషే రానక్కర్లేదు, చాలాచోట్ల ఫోన్లోనో వీడియోలోనో వస్తారు. అడిగేటప్పుడు ఇండియన్ అనకండి, హిందీ దుబాసీని పెడతారు. 'తెలుగు' అని అక్షరం అక్షరం విడదీసి చెప్పండి.

పిల్లలూ, ఇదంతా ఓపిగ్గా చదివినందుకు మీకో పని. 'నీళ్ళు నమిలాడు', 'గుండె చెరువైంది', 'చెవిలో పువ్వులు పెట్టాడు', 'తల ప్రాణం తోకకొచ్చింది'. ఈ నాలుగూ ముందు ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మార్చి మీ స్నేహితులకి చెప్పండి, వాళ్ళు ఏమనుకుంటారో చూడండి. అసలు అర్థాలు నేనిక్కడ రాయడం లేదు. గూగుల్‌ని కూడా అడగొద్దు. అమ్మమ్మకో తాతయ్యకో ఫోను చేసి అడగండి. ఫోను చేసేముందు అక్కడ టైమెంతయిందో చూసుకోండి. వేసవిలో మా డాలస్ కంటే ఇండియా పదిన్నర గంటలు ముందుంటుంది.